మట్టి మీద సంతకాలు – 9: నిప్పు తేల్చిన నగిషీ

గత భాగంలో బోధన్‌ను పోతనపురంగా చూశాం. బౌద్ధ గ్రంథాలు లెక్కపెట్టిన పదహారు మహాజనపదాల్లో మన గోదావరి ఒడ్డుకు చెందినది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోతన ఇవాళ్టి బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. రాజుల ముచ్చట అక్కడ ఆపి ఈ వారం కుమ్మరి వాకిట్లోకి పోదాం.

క్రీస్తుపూర్వం 6, 5 శతాబ్దాల నాటి సంగతి. ఇక్కడ గోదావరి లోయలో ఒకాయన సారె తిప్పి కుండ తీస్తున్నాడు. అదే కాలంలో చైనా ఆగ్నేయ తీరాన, ఇవాళ జెజియాంగ్ అంటున్న రాష్ట్రంలో, మరొకాయన మట్టిని తాళ్లలా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి పెద్ద గూన నిలబెడుతున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరికీ కుండ అందంగా ఉండాలన్న కోరికైతే ఉంది. ఆ కోరిక ఇక్కడ ఒక దారిన, అక్కడ మరో దారిన ఎందుకు పోయింది? చెయ్యి తిరిగినతనంలో తేడా అనుకుంటే పొరపాటు. కుండ మీద ఏ నగిషీ నిలుస్తుందో చెయ్యి కంటే ముందు పొయ్యి తేలుస్తుంది. ఈ భాగమంతా ఆ పొయ్యి కథే.

చైనావాళ్లు అంత పాతకాలంలోనే చేసిన ఆ రకం పాత్రను ఇంగ్లీషులో స్టోన్‌వేర్ అంటారు. పేరు కొత్తగా ఉన్నా వస్తువు మనకు కొత్త కాదు. మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉంటే అది స్టోన్‌వేరే. వేలితో మీటితే ఖంగుమంటుంది. ఉప్పు, నూనె, పులుపు ఏడాది పొడుగునా లోపల కూర్చున్నా బయటికి చెమ్మ రాదు. మామూలు కుండ 700 నుంచి 900 డిగ్రీల వేడిలో కాలుతుంది. ఆ వేడికి మట్టి గట్టిపడుతుందే గాని కరగదు, సన్నని రంధ్రాలు మిగిలే ఉంటాయి. వేడి 1200 డిగ్రీల దాకా పోతే మట్టిలో కొంత భాగం కరిగి గాజవుతుంది, ఆ గాజు రంధ్రాలను పూడ్చేస్తుంది. అయితే ఏ మట్టి పడితే ఆ మట్టి అంత వేడికి నిలవదు. చెరువు ఒండ్రులో ఇనుము, సున్నం పాలు ఎక్కువ. అంత సెగ తగిలితే మన కుండ కూలబడి ముద్దవుతుంది. దానికి చీనామట్టి పాలు ఎక్కువున్న తెల్లని బంకమట్టి కావాలి. దాన్ని కాల్చడానికి సెగను ఒడిసిపట్టే కొలిమి కావాలి.

చైనాలో ఈ రెండూ కలిసిన కాలం షాంగ్ వంశపు పాలన, అంటే సుమారు క్రీస్తుపూర్వం 1600 నుంచి 1046 దాకా. ఆ కాలపు రాజధానుల్లో ఒకటైన జెంగ్‌జౌలో ఆకుపచ్చ, పసుపు కలిసిన గాజుపూత ఉన్న గట్టి పాత్రలు దొరికాయి. దక్షిణాన జెజియాంగ్‌లో, దెచింగ్, హుజౌ ప్రాంతపు కొండవాలుల్లో, వీటిని కాల్చిన కొలుములే బయటపడ్డాయి. కొండవాలు వెంట కింది నుంచి పైకి పాకిన పొడవాటి సొరంగం లాంటి కట్టడం అది. కింద మంట పెడితే వాలే పొగగొట్టం పని చేస్తుంది. సెగ తనంతట తాను పైకి లాక్కుంటూ పోతుంది. చైనావాళ్లు దీన్ని డ్రాగన్ కొలిమి అంటారు. మొదట్లో చిన్నవే. సోంగ్ వంశపు కాలానికి, అంటే మన కాకతీయుల నాటికి, 50 మీటర్లు దాటినవి కట్టారు.

ఆ జెజియాంగ్ కుమ్మరులు నగిషీ కోసమని ప్రత్యేకంగా కూర్చోలేదన్నది నన్ను ఎక్కువ ఆకట్టుకున్న సంగతి. మట్టి తాళ్లు చుట్టి కట్టిన గూనలో అతుకులుంటాయి. అవి విడిపోకుండా లోపల ఒక రాతి గుండు ఆనించి, బయటినుంచి చెక్కతో తట్టాలి. ఈ పని మన కుమ్మరికీ కొత్త కాదు. సారె మీంచి దించిన పచ్చికుండ అడుగును ఆయనా ఇలాగే గుండు, చెక్క పట్టి తట్టి పెంచుతాడు. మన చెక్క నున్నగా ఉంటుంది. అక్కడివాళ్లు ఆ చెక్క మీద గీతలు చెక్కారు. అడ్డం, నిలువు గళ్లు, చాప అల్లిక, వల, మెట్లు, సుడి తిరిగిన మెలికలు. తట్టిన ప్రతి దెబ్బకూ ఆ గుర్తు మట్టిలో దిగబడుతుంది. అతుకు కలవడం, అలంకారం పడడం ఒకే దెబ్బలో అయిపోయాయి. దగ్గర్నుంచి చూస్తే ఒక దెబ్బ ఇంకో దెబ్బ మీదికి ఎక్కినచోట గీతలు చెదిరి కనిపిస్తాయి. ఆ చెదురులో ఆ మనిషి చేతి వేగం తెలుస్తుంది. మెలికల నమూనాలు చాలావరకు ఆనాటి కంచు పాత్రల నుంచి ఎత్తుకున్నవే. కంచు రాజుది, మట్టి ఊరిది. రాజు ఇంట్లో ఉన్న సొగసు తన ఇంట్లోనూ ఉండాలన్న ఆశ ఏ దేశంలోనైనా ఒకటే.

అచ్చులు అద్దిన ఈ గట్టి పాత్రలతో పాటే, పక్కపక్కనే, గాజుపూత పాత్రలూ తయారయ్యాయి. ఆ గాజు ఎక్కడిది? బూడిదది. కొలిమిలో కట్టెలు మండుతుంటే బూడిద సెగతో పాటు ఎగిరి పాత్రల భుజాల మీద వాలుతుంది. కట్టె బూడిదలో ఉన్న సున్నం, పొటాష్ కలిసి మట్టిలోని సిలికాను కరిగిస్తాయి. బూడిద వాలినచోట మెరుపు కనిపించింది. దాన్ని చూసిన కుమ్మరికి బూడిదనే నీళ్లలో కలిపి, మట్టి చేర్చి, ముందే పూస్తే పోలా అనిపించి ఉంటుంది. అలా పుట్టిన పూతలో కొద్దిగా ఇనుము ఉంటుంది. గాలి తక్కువైన మంటలో ఆ ఇనుమే ఆకుపచ్చ రంగిస్తుంది. గాలి ఎక్కువైతే పసుపు, గోధుమ రంగుల వైపు పోతుంది. రంగు కోసం వాళ్లు ఏ రంగూ కొనలేదు.

బూడిద గాజవుతుందన్న సంగతి బోధన్ వాళ్లకు చెప్పనక్కర లేదు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక శక్కర్‌నగర్‌లో చెరకు పిప్పే బాయిలర్లకు కట్టె. పిప్పి బూడిదలో సిలికా పాలు ఎక్కువ, పొటాష్ కూడా ఉంటుంది. పొలం నుంచి చెరకుతో వచ్చిన ఇసుక సరేసరి. కొలిమిలో వేడి మితిమీరితే ఆ బూడిద పొడిగా రాలదు, కరిగి గడ్డకడుతుంది. చల్లారాక విరగ్గొడితే లోపల గాజు మెరుపు. పిప్పి మండించే ఏ చక్కెర మిల్లులోనైనా పనివాళ్లకు ఇది తలనొప్పి, పలుగుతో కొట్టి తీయాల్సిన చెత్త. మూడున్నర వేల ఏళ్ల కింద జెజియాంగ్ కుమ్మరికి ఇలాంటి చెత్తే కళగా కనిపించింది. 2015 డిసెంబర్‌లో శక్కర్‌నగర్ మిల్లు మూతపడ్డాక ఇప్పుడు ఆ గడ్డలూ లేవనుకోండి, అది వేరే బాధ.

ఈ తొలి స్టోన్‌వేర్ గొప్పతనం చూడాలంటే వూషీ నగరం దగ్గరి హోంగ్‌షాన్ సమాధులను తలుచుకోవాలి. యువె రాజ్యపు పెద్దల సమాధులవి, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం చుట్టుపక్కల కాలానివి. 2000ల్లో తవ్వితే వందల కొద్దీ వాయిద్యాలు బయటపడ్డాయి. గంటలు, తాళాలు, అన్నీ మట్టివే. అసలైతే కంచుతో పోయాల్సినవి. సమాధిలో కంచు పెట్టే బదులు స్టోన్‌వేర్‌లో, కంచు గంట మీదుండే బొడిపెలు, చెక్కడాలు, పిడి మీది జంతువు ఏదీ వదలకుండా దింపారు. బొడిపెలు విడిగా చేసి అతికించారు, మెలికలు అచ్చుతో అద్దారు, సన్నని గీతలు మొనతో గీశారు. అతికించడం, అద్దడం, గీయడం. చైనా కుండల నగిషీకి మూడు మూలాలూ ఇవే, ఆ తర్వాతి వెయ్యేళ్లూ వీటి మీదే నడిచాయి.

మరి అదే కాలంలో మన వైపు? తెలంగాణలో ఇనుప యుగపు రాకాసి గుళ్లు, అంటే ఆనాటి రాతి సమాధులు, తవ్విన ప్రతిచోటా దొరికే కుండ ఒకటుంది. బయట ఎరుపు, లోపలా మెడ దగ్గరా నలుపు. రెండు రంగుల కుండ, రెండు పూతలు లేవు. ఆవంలో కుండను బోర్లిస్తే లోపలి గాలి ఆగిపోతుంది, అక్కడున్న ఊక, ఆకు, పిడక పొగతో ఆ భాగం నల్లబడుతుంది. గాలి ఆడే బయటి వైపు మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది. రెండుసార్లు కాల్చారని చెప్పే పరిశోధకులూ ఉన్నారు. ఏదైనా, మంటకూ గాలికీ మధ్య కుమ్మరి నడిపిన బేరం అది. కాల్చక ముందు నున్నని రాయితో గంటల తరబడి రుద్దితే పైపొర బిగిసి అద్దంలా మెరుస్తుంది. 800 డిగ్రీలు దాటితే ఆ మెరుపు చెడుతుంది. అంటే తక్కువ వేడి ఇక్కడ లోపమేమీ కాలేదు. ఆ మెరుపుకు కావలసింది ఆ వేడే.

ఈ కుండల మీద గీసిన గుర్తులు ఇంకో కథ. త్రిశూలం లాంటివి, నిచ్చెన లాంటివి, బాణం మొనల్లాంటివి. కాల్చాక గోకినవి చాలా. హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖకు మొదటి డైరెక్టరైన గులాం యజ్దానీ 1917లో హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ పత్రికలో రాయగిరి వంటి చోట్ల రాకాసి గుళ్లలో దొరికిన ఇలాంటి గుర్తులను పట్టికగా వేసి, ఇవి అక్షరాలకు తొలి రూపాలా అని అడిగాడు. వందేళ్లు దాటినా ఎవరూ వాటిని చదవలేదు. నా మటుకు నాకు అవి సొంతదారు గుర్తులనే అనిపిస్తుంది. ఎవరి కుండ ఎవరిదో తెలియాలి గదా, చావు ఇంట్లో అయినా.

శాతవాహనుల నాటికి గోదావరి పొడుగునా ఊళ్లు, కోటలు పెరిగాయి. జగిత్యాల వైపు కోటిలింగాల, పెద్దపల్లి వైపు పెద్దబంకూరు, ధూళికట్ట. వాటిని వి.వి. కృష్ణశాస్త్రి తరం పురావస్తువేత్తలు 1970ల్లో, 80ల్లో తవ్వి వెలికితీశారు. ఆ యుగపు దక్కన్ కుండల్లో చూడముచ్చటైనవి రెండు. ఒకటి ఎర్రజాజు పూత కింద తెల్లని గీతలు వేసినది. గళ్లు, చుక్కలు, వాలు గీతలు. ముందు తెల్లగీత గీసి దాని మీద జాజు పలుచగా పూస్తే, గీత లోంచి తొంగిచూస్తున్నట్టు ఉంటుంది. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలో బ్రహ్మగిరి, చంద్రవల్లి తవ్వినప్పుడు ఈ పాత్రలు దొరికిన పొరను ఆంధ్ర సంస్కృతి పొర అన్నాడు. ఇందులో చిత్రమేమంటే, గీత మీద పూత వేయడమన్న ఆలోచన చైనావాళ్లు తర్వాత చేయబోయే గొప్ప పనికి దగ్గర బంధువు. అక్కడ పూత గాజు, ఇక్కడ పూత మట్టి. అంతే తేడా.

రెండోది సన్నని పళ్లెం. లోపలి అడుగున వలయాలుగా చిన్నచిన్న నొక్కులుంటాయి. అరికమేడులో 1945లో వీలర్ వీటిని చూసి పళ్లచక్రం దొర్లించి చేశారన్నాడు. తర్వాతి పరిశోధకులు వేరే దారి చూపించారు. సారె తిరుగుతుండగా పలుచని లోహపు బద్దను వదులుగా ఆనిస్తే అది గెంతుతుంది. గెంతిన ప్రతిసారీ ఒక నొక్కు పడుతుంది. ఈ గెంతే కత్తి విద్యను సోంగ్ కాలపు చైనా కుమ్మరులూ వాడారు, జపాన్‌లో ఇప్పటికీ వాడుతున్నారు. ఈ పళ్లేలు మన తీరాన అమరావతి, శాలిహుండం దాకా దొరికాయి. ఇండోనేషియాలో బాలి దీవి దాకా ఓడలెక్కాయి.

ఇక్కడ ఒక చిక్కు ముడి ఉంది. సంగారెడ్డి వైపు కొండాపూర్‌ను 1940ల మొదట్లో హైదరాబాద్ రాజ్య పురావస్తు శాఖ తవ్వింది. అక్కడ దొరికిన బొమ్మల్లో చాలావాటికి మట్టి తెల్లగా, సన్నగా ఉంది. అది చీనామట్టే. ముందొక అచ్చు, వెనకొక అచ్చు పెట్టి, లోపల బోలుగా వదిలి చేసిన తలలు. జుట్టు ముడి, చెవి కమ్మ, పెదవి మీది నవ్వు దాకా పొల్లుపోకుండా దిగాయి. అంటే చైనాను స్టోన్‌వేర్ వైపు నడిపించిన మట్టి మన దగ్గరా ఉంది. అచ్చు అద్దే విద్య ఉంది. సారె మీద మనకూ చెయ్యి తిరిగి ఉంది. ఇనుము, ఉక్కు కరిగించిన ఈ నేల మీద 1200 డిగ్రీల సెగ పుట్టించడం రాక కాదు. ఉక్కు మూసలో అంతకన్నా ఎక్కువ వేడే పుట్టించారు. ఇంత ఉండీ కుండను ఆ సెగలో ఎందుకు పెట్టలేదు?

నాకు తోచిన జవాబు మే నెలలో నిజామాబాద్ బస్టాండ్‌లో దిగినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. ఎండ 45 డిగ్రీలు చేరినప్పుడు మనకు కావలసిన కుండ చెమట పట్టే కుండ. గోడల్లోంచి నీరు ఊరి, ఆవిరై, లోపలి నీళ్లను చల్లబరచాలి. స్టోన్‌వేర్ కూజాలో పోసిన నీళ్లు సాయంత్రానికి కాగి ఉంటాయి. రంజన్‌లో నీళ్లు గొంతు దిగుతుంటే ప్రాణం లేచొస్తుంది. రంధ్రాలు పూడ్చే విద్య మనకు పనికిరాని విద్య అయింది. దానికి తోడు అంటు, మైల పట్టింపు. పురుడైనా, చావైనా పాత కుండలు పగలగొట్టి కొత్తవి తెచ్చుకునే ఇళ్లలో వందేళ్లు మన్నే కుండకు గిరాకీ ఏముంటుంది? మన్నవలసిన పాత్ర ఇత్తడిదో, కంచుదో అవుతుంది. చైనాలో అన్నం, సారాయి, చచ్చినవారికి పెట్టే నైవేద్యం అన్నీ మట్టిపాత్ర మీద ఆధారపడ్డాయి. అందుకే ఆ పాత్ర మీద అంత కష్టం పడ్డారు. ఇదంతా పూర్తిగా నిరూపించిన సంగతని నేననను గాని, వెనకబాటుతనం అని తేల్చేసే పుస్తకాల కంటే ఇది నిజానికి దగ్గర అనుకుంటాను.

మళ్లీ జెజియాంగ్‌కు పోదాం. క్రీస్తుశకం 2వ శతాబ్దం చివరికి షాంగ్‌యూ కొలుములు తడబాటు లేని పూతను సాధించాయి. పాత్ర అంతటా సమానంగా, పగలకుండా, ఆకుపచ్చ గాజు పట్టింది. ఇదే మొదటి అసలు సెలడాన్. పూతకు నిలకడ రాగానే నగిషీ పట్టుబడింది. గూన భుజం చుట్టూ వల అల్లికలా అచ్చు అద్దిన పట్టీ, దానికి పైనా కిందా చుక్కల వరస, మధ్యలో అచ్చుపోసి అతికించిన జంతువు ముఖం, ముక్కుకు వేలాడుతున్నట్టు ఒక ఉత్తుత్తి కడియం. అదీ కంచు పాత్రకు ఉండే నిజం కడియానికి నకలే. పొట్టేలు, సింహం, కప్ప ఆకారాల్లో పాత్రలు చేశారు.

అన్నిటికన్నా వింత, పశ్చిమ జిన్ కాలపు సమాధి కూజాలు. 265 నుంచి 316 దాకా సాగిన పాలన అది. కూజా పైన మూతలా కాదు, ఒక ఊరే కట్టి పెట్టారు. అంతస్తుల మేడలు, వాకిళ్లు, గుంపులుగా వాలిన పక్షులు, వాయిద్యాలు వాయించే మనుషులు. వాళ్ల మధ్యన చిన్నచిన్న బుద్ధ విగ్రహాలు, అచ్చులో తీసి అతికించినవి. చచ్చిన మనిషి ఆత్మ వచ్చి వాలడానికి ఒక గూడు కావాలని చేశారంటారు. బుద్ధుడంటే ఎవరో ఆ కుమ్మరికి ఎంత తెలుసో గాని, మేలు చేసే కొత్త దేవుడని తెలిసింది.

సరిగ్గా ఆ 3వ శతాబ్దంలోనే కృష్ణ ఒడ్డున ఇక్ష్వాకులు నాగార్జునకొండలో విహారాలు కట్టిస్తున్నారు. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉంది. సింహళ భిక్షువులు ధర్మం చాటిన దేశాల జాబితా అందులో వస్తుంది. కాశ్మీరం, గాంధారం తర్వాత చీన పేరు. ఆ చీన ఏ ప్రాంతమన్న దానిపై వాదనలున్నా, తెలుగు నేల మీద చెక్కిన రాతిలో ఆ పేరు కనిపించడం చిన్న సంగతి కాదు. నాగార్జునకొండ శిల్పి సున్నపురాయిలో బుద్ధుణ్ణి తొలుస్తున్నప్పుడే షాంగ్‌యూ కుమ్మరి పచ్చిమట్టిలో బుద్ధుణ్ణి అద్దుతున్నాడు.

1983లో నాంజింగ్ నగరంలోని యుహువాతాయ్‌లో మూడు రాజ్యాల కాలపు కూజా ఒకటి దొరికింది. దాని మీదా బుద్ధుడి బొమ్మలు అతికించి ఉన్నాయి. అసలు విశేషం అది కాదు. ఒళ్లంతా గోధుమ రంగుతో బొమ్మలు గీసి, ఆ మీద గాజుపూత వేసి కాల్చారు. రెక్కలున్న మనుషులు, జంతువులు, మేఘాలు. గాజు కింద బొమ్మ వేసిన పని ఇంత పాతదని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఇందాక చెప్పిన జాజు కింద తెల్లగీత గుర్తుంది కదా. జాజు పూత అరిగిపోతుంది, గాజు పూత అరగదు. ఆ తర్వాత వంద ఏళ్లకు, తూర్పు జిన్ కాలంలో, మొత్తం బొమ్మలు మానేసి ఆకుపచ్చ పూత మీద ఇనుప రంగు చుక్కలు నాలుగు వేసి ఊరుకున్నారు. చెప్పాలంటే ఆ నాలుగు చుక్కల కప్పులే నాకు ఎక్కువ నచ్చుతాయి.

6వ శతాబ్దం నాటికి ఉత్తర చైనాలో తామర విరిసింది. హెబెయ్ రాష్ట్రంలో ఫెంగ్ కుటుంబపు సమాధుల నుంచి 1948లో వెలికివచ్చిన పెద్ద గూనలు మెడ నుంచి అడుగు దాకా పొరలు పొరలుగా తామర రేకులే. కొన్ని రేకులు అతికించినవి, కొన్ని తొలిచినవి, కొన్ని గీసినవి. తామర బౌద్ధంతో వెళ్లిన పువ్వు. అమరావతి ఫలకాల మీద మనం చూసే తామర, ఎన్నో చేతులు మారి, గాజు తొడుక్కుని అక్కడ నిలబడింది.

9వ శతాబ్దంలో చాంగ్‌షా దగ్గరి తోంగ్‌గువాన్ కొలుములు సొగసును సంతసరుకు చేశాయి. గిన్నెలో నాలుగు గీతలతో పక్షి, అల, ఆకు. ఇనుముతో గోధుమ రంగు, రాగితో ఆకుపచ్చ. గీసేవాడికి ఒక్కో గిన్నెకు ఎంత సమయం దొరికి ఉంటుందో ఊహించవచ్చు. 1998లో ఇండోనేషియా బెలితుంగ్ దీవి దగ్గర సముద్రం అడుగున ఒక అరబ్బీ తరహా ఓడ దొరికింది, మేకులు కొట్టకుండా తాళ్లతో కుట్టిన పలకల ఓడ. అందులో సుమారు 60 వేల పాత్రలు, ఎక్కువ చాంగ్‌షా గిన్నెలే, పెద్ద గూనల్లో ఒకదానిలో ఒకటి పేర్చి. ఒక గిన్నె మీద 826కు సరిపోయే తేదీ గీసి ఉంది. అది వేములవాడ చాళుక్యుల కాలం. ఆ వంశపు యుద్ధమల్లుడు పోతనలో ఏనుగులకు నూనె తొట్లలో స్నానం చేయించాడని పర్భణి శాసనం మురిసిపోతుంది. అంత నూనె ఏ గూనల్లో దాచారో శాసనం చెప్పదు, కుమ్మరి సంగతి శాసనాలకు ఎప్పుడూ పట్టదు.

చైనా పాత్రలు మన తీరానికీ చేరాయి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం సరుకుల పేర్లు వరసగా చెబుతుంది. చందనం, కర్పూరం, చీని కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, పట్టు, మిరియాలు. పింగాణి పేరు లేదు. ఆ మోటుపల్లి ఇసుకలోనూ, పాత నెల్లూరు జిల్లా కొత్తపట్నంలోనూ చైనా పెంకులు దొరికాయి. లోంగ్‌చువాన్ కొలుముల సెలడాన్ ఆ కాలంలో సముద్రాలన్నీ చుట్టింది. బయట తామర రేకులు చెక్కి, లోపల జంట చేపలు అద్దిన పళ్లేలు దాని గుర్తు. దక్కన్ నవాబుల ఇళ్లలో ఈ ఆకుపచ్చ పళ్లేలను ఘోరీ అన్నారు, విషం కలిపిన కూడు వడ్డిస్తే పళ్లెం పగులుతుందనో రంగు మారుతుందనో నమ్మారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చైనా గదుల్లో సెలడాన్‌ను అద్దం అవతలి నుంచి చూడవచ్చు. విషం సంగతి పరీక్షించనివ్వరు.

ఇక ఒక తికమక తీర్చాలి. నిజామాబాద్ కుండలు అని ఫోన్‌లో వెతికితే మెరిసే నల్లని కూజాలు, వాటి మీద వెండి తీగల్లాంటి లతలు వస్తాయి. అవి మనవి కావు. ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాలోని నిజామాబాద్‌వి. వాటికి 2015లో భౌగోళిక గుర్తింపు దొరికింది. పచ్చి కుండ మీద మొనతో లతలు గీసి, ఊక పొగలో నల్లగా కాల్చి, ఆ గాట్లలో వెండి రంగు పొడి నింపి రుద్దుతారు. దూరం నుంచి బీదరు పనిలా ఉంటుంది. తక్కువ వేడిలో కాలిన మట్టి మీద నగిషీ ఎంత దూరం పోగలదో చెప్పడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. పేరు ఒకటే కదా అని మన జిల్లా గొప్పగా చెప్పుకోకండి.

మన గొప్ప మరోచోట ఉంది. ఆషాఢంలో బోనం కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, వేపమండ కట్టే చెయ్యి కుమ్మరిది కాదు, ఆ ఇంటి ఆడబిడ్డది. పెళ్లికి ముందు కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఐరేని కుండల మీద సున్నం, జాజు, పచ్చ రంగుల గీతలూ చుక్కలూ ఉంటాయి. అవి కాల్చాక వేసిన రంగులు. నీళ్లు తగిలితే పోతాయి, పోవాలి కూడా. ఒక పెళ్లికి, ఒక పండుగకే ఆ నగిషీ. మళ్లీ పండుగకు మళ్లీ వేసుకోవాలి. చైనా కుమ్మరి నగిషీని గాజులో బంధించాడు, మన ఇంటి ఆడవాళ్లు దాన్ని ఏటేటా కొత్తగా పుట్టిస్తున్నారు. ఇబ్బందల్లా పురావస్తువేత్తకే. కడిగిపోయిన సున్నాన్ని ఏ తవ్వకమూ తిరిగి ఇవ్వదు. అందుకే శాతవాహనుల నాటి పల్లెల్లో కుండలను ఎలా అలంకరించారో మనకు తెలిసింది సగమే.

ఆ సగాన్నైనా పోగొట్టుకోకుండా ఉండడం మన చేతుల్లో ఉంది. బోధన్ చుట్టుపక్కల పాటిగడ్డల మీద జేసీబీలు నడుస్తున్నాయి, చెరకు మడులకు పాటిమన్ను తోలుతున్నారు. ఆ మన్నులో నలుపు, ఎరుపు రెండూ ఉన్న పెంకు కనబడినా, తెల్లగీతలున్న పెంకు కనబడినా, మెరిసే ఆకుపచ్చ పెంకు కనబడినా గట్టు మీదికి విసిరేయకండి. బ్రష్ పెట్టి రుద్దకండి. ఏ ఊరు, ఏ పొలం, ఎంత లోతు అన్నది ఒక చీటీ మీద రాసి, ఫొటో తీసి, నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లోని పురావస్తు మ్యూజియంలో చూపించండి. ఎక్కడ దొరికిందో తెలియని పెంకుతో చరిత్రకారుడికి పని లేదు.